కాలనీ శోభాయాత్రకైనా ర్యాలీకైనా రోడ్డు పర్మిషన్ ఎలా తీసుకోవాలి: రూట్ కొలవడం దగ్గర్నుంచి రోడ్డు ఊడ్చేదాకా

వినాయక చవితి వస్తుందంటే చాలు, అంబేడ్కర్ జయంతి వస్తుందంటే చాలు, అందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. అన్నా, స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చేస్తే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా అని. పదేళ్లకు పైగా మా కాలనీ కమిటీ తరపున ఈ కాగితాలు పట్టుకుని తిరిగేది నేనే కాబట్టి, ఎక్కడ ఆగిపోతారో ఏది ముందు చేయాలో వరసగా రాస్తున్నా.

మొదట ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. పోలీసులు చూసేది మీ లెటర్‌ని కాదు, మీ రూట్‌ని. రూట్ గట్టిగా ఉంటే లెటర్‌లో తప్పులున్నా పిలిచి దిద్దించుకుంటారు, రూట్ తేలిపోతే ఎంత పెద్దాయన లెటర్‌హెడ్ మీద రాసినా ఫైలు కదలదు. అందుకే లెటర్ ఐదో స్టెప్పులో వస్తుంది, మొదటి స్టెప్పులో కాదు.

1. పర్మిషన్ ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

జిల్లాల్లో ఉన్నోళ్లకి "పోలీస్ యాక్ట్ 30 అమల్లో ఉంది" అని పేపర్లో చిన్న వార్త అప్పుడప్పుడు కనబడుతుంటుంది కదా, అది ఇదే. 1861 నాటి పోలీస్ చట్టంలో 30వ సెక్షన్ ప్రకారం ఊరేగింపు తీసేవాళ్లు ముందుగా లైసెన్స్ అడగాలని పోలీసులు నోటీసు ఇవ్వొచ్చు, రూట్లు, టైములు, వీధిలో వాయించే మ్యూజిక్ కూడా కంట్రోల్ చేయొచ్చు. ఆ లైసెన్స్‌కి ఫీజు వసూలు చేయకూడదని అదే సెక్షన్‌లో ఉంది, ఇది చాలామందికి తెలీదు.

హైదరాబాద్ సిటీలో కథ వేరు. అక్కడ నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1348 నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద కమిషనర్‌కి అధికారం ఉంటుంది. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల కూడా కమిషనరేటే, ఎస్పీ ఆఫీసు కాదు.

ఇంకోటి, ఆ ఏరియాలో జనం గుమిగూడకుండా ఆపే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 సెక్షన్ పెట్టారేమో కనుక్కోండి. పాత 144 సెక్షనే, 2024 జూలై 1 నుంచి నంబర్ మారింది. అది అమల్లో ఉంటే పర్మిషన్ లేకుండా నలుగురితో మొదలుపెట్టినా కేసు అవ్వొచ్చు.

ఎలక్షన్ కోడ్ ఉన్న రోజుల్లో పార్టీ ర్యాలీ అయితే ఎన్నికల సంఘం సువిధ సిస్టమ్‌లో అప్లై చేయాలి. వినాయక మండపాలకైతే రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఆన్‌లైన్ ఫారం పెడుతున్నారు, నిమజ్జనం తేదీ, రూట్ అందులోనే అడుగుతారు. మిగతావన్నీ స్టేషన్ నుంచే మొదలు.

2. తేదీ గుద్దుకోకుండా చూసుకోండి

2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకేరోజు, సెప్టెంబర్ 28న పడ్డాయి. హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపుని పెద్దలు కూర్చుని మాట్లాడుకుని అక్టోబర్ 1కి మార్చుకున్నారు. అంత పెద్ద ఊరేగింపులే సర్దుకున్నప్పుడు మనది ఒక రోజు ముందుకో వెనక్కో జరపడంలో నామోషీ ఏం లేదు.

తేదీ ఫిక్స్ చేసి పాంప్లెట్లు కొట్టించేముందు చూడాల్సినవి: ఆ రోజు ఇంకో మతం పండగ ఉందా, ఇంటర్, టెన్త్ పరీక్షలున్నాయా, మీ రూట్‌లో వారం సంత పడుతుందా, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ లాంటిదేమైనా ఉందా. స్టేషన్‌లో ఎస్సై గారిని నోటిమాటగా అడిగినా చెప్పేస్తారు.

3. రూట్ మొత్తం నడవండి, బండి మీద కాదు

గూగుల్ మ్యాప్‌లో గీత గీసి ఇచ్చేస్తే సరిపోదు. ఇద్దరు ముగ్గురు కలిసి, ఊరేగింపు ఏ టైముకి వెళ్తుందో అదే టైముకి, వీలైతే అదే వారం రోజున నడవాలి. మధ్యాహ్నం ఖాళీగా కనబడే రోడ్డు సాయంత్రం ఆరింటికి ట్యూషన్ పిల్లల ఆటోలతో నిండిపోయి ఉంటుంది, అది మ్యాప్‌లో కనబడదు.

నడుస్తూ రాసుకోవాల్సినవి ఇవి:

- ప్రతి జంక్షన్ పేరు, అక్కడ సిగ్నల్ ఉందా లేదా
- రోడ్డు బాగా ఇరుకైన చోటు, అక్కడ వెడల్పు ఎన్ని అడుగులు (టేపుతో కొలవండి, కంటిచూపుతో కాదు)
- ఆసుపత్రి, బడి, కోర్టు, ప్రార్థనా మందిరం ఎక్కడెక్కడున్నాయి
- మూతలేని డ్రైనేజీ, తవ్విన గుంతలు, మెట్రో పనులు, కంకర కుప్పలు
- అంబులెన్స్ వస్తే పక్కకి మళ్లించే సందు ఎక్కడుంది
- మొదలయ్యే చోట, ముగిసే చోట జనం నిలబడ్డానికి ఎంత ఖాళీ ఉంది

డ్రైనేజీ అని ఊరికే రాయలేదు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో రాజకీయ సభ అప్పుడు ఇరుకు రోడ్డు మీద జనం ఒకరి మీద ఒకరు పడి, కొందరు పక్కనున్న కాలువలో పడిపోయి, 8 మంది చనిపోయారు. మీ రూట్‌లో జనం ఒత్తుకునే చోట పక్కన కాలువ ఉంటే ఆ చోటు తప్పించండి, తప్పదంటే అక్కడ కర్రలు కట్టించి మనిషిని నిలబెట్టండి.

ముగిసే చోటుని చాలామంది పట్టించుకోరు. జనం ఎక్కువ ఒత్తుకునేది నడుస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడే. చివర్లో ప్రసాదం పంచుతారు, స్టేజీ ఉంటుంది, ముందున్నోళ్లు ఆగిపోతారు, వెనకాలోళ్లకి ఆ సంగతి తెలీక తోసుకొస్తారు. అందుకే ముగిసే చోటు మొదలయ్యే చోటుకన్నా పెద్దగా ఉండాలి, బయటికి పోయే దారులు కనీసం రెండుండాలి.

ఇంకో రూట్ కూడా నడిచి రెడీగా పెట్టుకోండి. పోలీసులు మొదటిదానికి కాదంటే అక్కడికక్కడే రెండోది చూపించగలిగితే మీ మీద నమ్మకం పెరుగుతుంది, ఇంకో వారం తిరిగే పని తప్పుతుంది.

4. ఎత్తు కొలవండి, ఇది ప్రాణం మీదకొచ్చే విషయం

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణుడి శోభాయాత్ర అప్పుడు రథానికి కరెంటు తగిలి 5 మంది చనిపోయారు. ఆ తర్వాత నుంచి ఎవరు ఫోన్ చేసినా ఎన్ని అడుగులు పెట్టారు అన్నదే నా మొదటి ప్రశ్న.

నియమం ప్రకారం రోడ్డుకి అడ్డంగా దాటే ఎల్‌టీ లైను (ఇళ్లకి కరెంటిచ్చే లో టెన్షన్ తీగ) కనీసం 5.8 మీటర్ల ఎత్తులో, 11 కేవీ లైను (హై టెన్షన్ తీగ) కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. కానీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన పాత వీధుల్లో కింద నేల పైకొచ్చేసింది, తీగ మాత్రం అక్కడే ఉంది, కొన్నిచోట్ల జారి ఇంకా కిందికొచ్చింది. పైగా కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు వాటికన్నా కిందే వేలాడుతుంటాయి.

కొలవాల్సింది విగ్రహం ఎత్తు కాదండీ. నేల నుంచి ట్రాలీ, దాని మీద బల్ల, దాని మీద విగ్రహం, ఆ పైన గొడుగో కిరీటమో జెండా కర్రో, మొత్తం కలిపి. మేం ఒకసారి విగ్రహం వరకే కొలిచి వెనక కట్టిన డెకరేషన్ ఆర్చిని మర్చిపోయాం, ఊరేగింపు ముందురోజు రాత్రి ట్రాలీ మీదకి ఎక్కించాక ఒక పెద్దాయన పైకి చూసి ఆపాడు. ఆర్చి పీకేసి వెళ్లాం.

చేయాల్సిన వరస:

1. మొత్తం ఎత్తు ఒక కాగితం మీద రాసి కమిటీ అందరికీ చెప్పండి, ఆ తర్వాత ఎవరూ ఏదీ పైన కట్టకూడదు.
2. మీ ఏరియా కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి రూట్ మ్యాప్‌తో లెటర్ ఇవ్వండి, లైన్‌మన్‌ని తీసుకుని రూట్ నడవండి. తీగ ఎత్తు చూసే పని ఆయనది, మీరు టేపు పట్టుకుని పైకెక్కొద్దు.
3. తక్కువ ఎత్తున్న చోట లైన్ పైకి లాగాలా, ఆ టైముకి సప్లై ఆపాలా అన్నది వాళ్లే చెప్తారు. సప్లై ఆపుతామంటే ఎవరు ఆపుతారు, ఎన్నింటికి, ఆపాక మీకు ఎవరు చెప్తారు అనేది పేరు, ఫోన్ నంబర్‌తో సహా రాసుకోండి.
4. ఆపేశామని లైన్‌మన్ నోటితో చెప్పేదాకా బండి కదలకూడదు. వీధి లైట్లు ఆరిపోయాయి కదా అని వెళ్లిపోవద్దు, 11 కేవీ వేరే లైను.

వెదురు కర్రతో తీగని పైకెత్తడం అస్సలు చేయొద్దు. ఎండు కర్రకేం కాదు అంటారు. వాన పడిన రోజు ఆ కర్ర ఎండుగా ఉండదు. ఇనుప జెండా కర్రలు అసలు తీసుకురానివ్వకండి.

5. టైము లెక్క వేసుకుని ఫైల్ తయారు చేయండి

"సాయంత్రం 4 నుంచి" అని రాసి ఆపేస్తే ఇన్‌స్పెక్టర్ గారి మొదటి ప్రశ్న ఎప్పుడు అయిపోతుందనే. లెక్క ఇలా వేయండి. 400 మంది వరసకి నలుగురు చొప్పున నడిస్తే 100 వరసలు, వరసకీ వరసకీ మీటరు వేసుకున్నా 100 మీటర్ల పొడుగు. మామూలుగా గంటకి 2 కిలోమీటర్లు నడిస్తే ఒక జంక్షన్ దాటడానికి 3 నిమిషాలు పడుతుంది. డప్పులు, కోలాటం ఉంటే స్పీడు సగానికి పడిపోతుంది, అంటే 6 నిమిషాలు. 3 కిలోమీటర్ల రూట్‌కి 3 గంటలు. దానికి అరగంట కలుపుకోండి, ఎందుకంటే హారతి పట్టడానికి ఇంటింటి ముందు ఆపుతారు, ఆపొద్దంటే వినరు.

ఈ లెక్క కాగితం మీద పెట్టి ఇచ్చిన కమిటీలు చాలా తక్కువ. ఇచ్చి చూడండి, ట్రాఫిక్ వాళ్లు మీతో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఫైల్‌లో ఉండాల్సినవి:

- అర్జీ, 4 కాపీలు
- రూట్ మ్యాప్, జంక్షన్ల పేర్లు, ఒక్కోచోటికి చేరే టైము
- ముగ్గురు బాధ్యుల పేర్లు, ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు (ఊరేగింపు రోజు ఎత్తే నంబర్లే ఇవ్వండి)
- ఎంతమంది వస్తారు, అందులో ఆడవాళ్లు, పిల్లలు సుమారుగా ఎంతమంది
- వాహనాల లిస్టు: నంబర్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్స్ కాపీలు
- సౌండ్ ఏం పెడుతున్నారు
- వాలంటీర్ల లిస్టు
- మొదలయ్యే, ముగిసే స్థలం ప్రైవేటుదైతే ఓనర్ ఒప్పుకున్నట్టు లెటర్
- అండర్‌టేకింగ్ (ప్రశాంతంగా జరుపుతామని రాసిచ్చే హామీ)

అర్జీ ఇంత చాలు: "అయ్యా, మా కాలనీ సంక్షేమ సంఘం తరపున ఫలానా తేదీన సాయంత్రం 4 గంటల నుంచి రాత్రి 7.30 వరకు, ఫలానా గుడి నుంచి ఫలానా చెరువు వరకు సుమారు 400 మందితో ఊరేగింపు చేయదలచాం. రూట్, టైము లెక్క, వాహనాల వివరాలు జతచేశాం. రూట్‌లో ఫలానా దగ్గర ఆసుపత్రి ఉంది, అక్కడ 100 మీటర్లు సౌండ్ ఆపేస్తాం. రోడ్డులో సగం ట్రాఫిక్‌కి వదులుతాం. అనుమతి ఇవ్వగలరని మనవి." ఎవరినీ పొగడక్కర్లేదు, చరిత్ర రాయక్కర్లేదు.

మనకి ఇబ్బందయ్యే విషయం మనమే ముందు రాసేయడం మంచిది. ఆసుపత్రి ఉందని దాచితే ఎంక్వైరీలో బయటపడుతుంది, అప్పుడు మిగతా కాగితాలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

6. అర్జీ ఇవ్వడం, వెంటపడటం

చిన్నదానికి కనీసం 15 రోజుల ముందు, మెయిన్ రోడ్డు ఎక్కేదైతే నెల ముందు ఇవ్వండి. కమిషనరేట్‌లో స్టేషన్, ఏసీపీ, డీసీపీ అని పైకి వెళ్తుంది. జిల్లాల్లో ఎస్సై, సీఐ, డీఎస్పీ. సిటీలో ట్రాఫిక్ వింగ్ వేరేగా ఉంటుంది, వాళ్లకి ఇంకో కాపీ మీరే ఇవ్వాలి, లా అండ్ ఆర్డర్ స్టేషన్ నుంచి దానంతటదే వెళ్లిపోతుంది అనుకోవద్దు. రూట్ రెండు స్టేషన్ల పరిధిలోకి వస్తే రెండుచోట్లా ఇవ్వాలి. సగంమంది ఇక్కడే ఆగిపోతారు, రోడ్డుకి అటువైపు వేరే స్టేషన్ అని చివరి రోజు తెలుస్తుంది.

కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. అది పర్మిషన్ కాదు, తీసుకున్నామన్న రశీదు మాత్రమే.

ఈ తేడా చాలా ముఖ్యం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఐపీఎల్ గెలిచిన ఆర్‌సీబీ టీమ్ విక్టరీ పరేడ్ గురించి నిర్వాహకులు సమాచారం ఇచ్చారే తప్ప పర్మిషన్‌కి అప్లై చేయలేదని కర్ణాటక ప్రభుత్వం హైకోర్టుకి చెప్పింది. చెప్పడం వేరు, అడిగి తీసుకోవడం వేరు. చేతిలో సంతకంతో ఆర్డర్ కాగితం వచ్చేదాకా వాట్సాప్ గ్రూపుల్లో, ఫ్లెక్సీల మీద టైము, రూట్ వేయకండి.

మున్సిపాలిటీకి కూడా ఒక లెటర్. గుంతలు పూడ్చడం, చెత్త ఎత్తడం, ఆర్చి కట్టుకోవడానికి ఒప్పుకోవడం వాళ్ల పని.

7. సౌండ్

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ కుదరదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ఏడాదికి మొత్తం 15 రోజులకి మించకుండా పండగల కోసం ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు సడలించొచ్చు, కానీ ఆ రోజులు డిక్లేర్ చేసేది ప్రభుత్వం, మనం కాదు. పగలు ఇళ్లున్న ఏరియాలో 55 డెసిబెల్స్, వ్యాపార ఏరియాలో 65. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లని ప్రభుత్వం సైలెన్స్ జోన్‌గా ప్రకటించొచ్చు.

హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు, బాణసంచా వాడొద్దని 2024 అక్టోబర్ 1న సిటీ పోలీసులు ఆర్డర్ ఇచ్చారు. నా మాట వింటే డీజే జోలికే వెళ్లొద్దు. డప్పు, సన్నాయి, బ్యాండు పెట్టుకోండి, వాలంటీర్ విజిల్ వేస్తే వినబడుతుంది, వెనకాల అంబులెన్స్ వస్తే హారన్ వినబడుతుంది, గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఇంట్లో ప్రశాంతంగా ఉంటారు.

8. వాలంటీర్లని లిస్టులో కాదు, జంక్షన్‌లో పెట్టండి

2009లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆస్తుల విధ్వంసం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన వాటిలో ఇవి ఉన్నాయి: నిర్వాహకులు పోలీసులతో కూర్చుని రూట్ చూసుకోవాలి, కత్తులు లాఠీలు లాంటివి ఉండకూడదు, ప్రశాంతంగా జరుపుతామని రాసివ్వాలి, ముఖ్యమైన ప్రతి జంక్షన్‌లో తమ మనుషుల్ని పెట్టాలి.

నేను వాడే లెక్క పాతిక మందికి ఒక వాలంటీర్. అందులో ఇద్దరు ముందు, ఇద్దరు చివర, జంక్షన్‌కి ఇద్దరు చొప్పున, మిగతావాళ్లు తాడు పట్టుకుని పక్కన. అందరికీ ఒకే రంగు టీషర్టు లేదా కండువా. ఆడవాళ్లు ఉన్న వరసల దగ్గర ఆడ వాలంటీర్లే ఉండాలి.

పొడుగాటి ఊరేగింపుని ముక్కలుగా విడగొట్టండి. ఎలక్షన్ కోడ్‌లో కూడా ఇదే ఉంది, మధ్యమధ్యలో గ్యాప్ ఇస్తూ ట్రాఫిక్‌ని వదలమని. 400 మందిని 100 చొప్పున నాలుగు ముక్కలు చేస్తే ఇందాక 6 నిమిషాలు ఆగిన జంక్షన్ ఒకటిన్నర నిమిషం ఆగుతుంది. ఆగిన వాళ్లలో డ్యూటీకి పోయే నర్సు ఉంటుంది, బస్సు మిస్సయ్యే మనిషి ఉంటాడు, వాళ్లు మన పండగని తిట్టుకోకూడదు కదా.

9. ఆర్డర్ వచ్చాక కండిషన్లు చదవండి

చాలామంది సంతకం చూసి మడిచి జేబులో పెట్టేస్తారు. వెనక పేజీలో ఉంటాయి అసలువన్నీ. అనుకున్న రూట్ మార్చి ఉండొచ్చు, గంట తగ్గించి ఉండొచ్చు, ఇన్ని బండ్లే అని రాసి ఉండొచ్చు. కండిషన్ తప్పితే మధ్యలోనే ఆపేసే అధికారం పోలీసులకి 1861 పోలీస్ చట్టం 30ఏ సెక్షన్‌లో ఉంది, ఆపమన్నాక కదలకపోతే అప్పటిదాకా పర్మిషన్ ఉన్న ఊరేగింపే చట్టవిరుద్ధమైన గుంపు అయిపోతుంది.

కండిషన్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ముందురోజు మీటింగ్‌లో చదివి వినిపించండి. డ్రైవర్లని, బ్యాండు వాళ్లని కూడా పిలవండి.

10. కాదంటే ఏం చేయాలి

ముందు గొడవ పెట్టుకోకండి. ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా ఇమ్మనండి, రెండో రూట్ చూపించండి, గంట ముందుకి జరుపుతామనండి. పదిలో ఎనిమిది ఇక్కడే తేలిపోతాయి, ఇది నా అనుభవం.

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ ఆర్టికల్‌లో ఉంది, దానికి సహేతుకమైన పరిమితులు పెట్టే వీలూ అందులోనే ఉంది. 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, వీధుల్లో సభల్ని రెగ్యులేట్ చేయొచ్చు గానీ మొత్తానికే లేదనే అధికారం ఒక ఆఫీసర్ ఇష్టానికి వదలకూడదని. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మీద సభలు, ర్యాలీలని కట్టడి చేస్తూ ప్రభుత్వం 2023 జనవరిలో ఇచ్చిన జీవో 1ని అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది.

కాబట్టి కారణం లేకుండా కాదంటే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) వేయొచ్చు. మూడు రోజుల ముందు వెళ్లి లంచ్ మోషన్ (అత్యవసరంగా ఆ రోజే వినమని అడగడం) అంటూ పరుగెత్తే పరిస్థితి తెచ్చుకోకండి, అందుకే నెల ముందు అర్జీ అంటున్నా. లాయర్ మొదట అడిగేది ఇన్‌వర్డ్ నంబర్ ఉన్న కాపీనే.

11. ఆ రోజు

ఉదయం:
- రూట్ మళ్లీ ఒకసారి నడవండి, రాత్రికి రాత్రి ఎవరో పైపు కోసం తవ్వి ఉండొచ్చు
- ట్రాలీ టైర్లు, బ్రేకులు, ట్రాక్టర్ హుక్కు చూడండి, డ్రైవర్ తాగి ఉంటే మార్చేయండి, మొహమాటపడకండి
- నీళ్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, రెండు అగ్నిమాపక సిలిండర్లు

నడుస్తున్నప్పుడు:
- రోడ్డుకి ఒకవైపే, పక్క సగం ట్రాఫిక్‌కి
- విగ్రహం ఉన్న బండి ఎక్కేది డ్రైవర్, పూజారి, ఇద్దరు పట్టుకునేవాళ్లు, అంతే, పిల్లల్ని ఎక్కించొద్దు
- తీగలున్న చోటికి 50 అడుగుల ముందే బండి ఆపి, ఒకరు చూసి చెయ్యూపాకే కదలాలి
- లేటవుతుంటే స్పీడు పెంచి తోయకండి, హారతులు తగ్గించండి
- ప్రార్థనా మందిరాల ముందు ఆగొద్దు, నినాదాలొద్దు, నడుస్తూ పోండి

అయిపోయాక జనాన్ని ఒకేసారి వదలకుండా ఆడవాళ్లు, పిల్లలు ఉన్న వరసల్ని ముందు పంపించండి. రోడ్డు మీద పూలు, కాగితాలు, ప్లాస్టిక్ గ్లాసులు ఆ రాత్రే ఊడ్పించండి. తర్వాత రోజు ఉదయం ఫైల్‌లో మూడు లైన్లు రాసి పెట్టండి: ఏ జంక్షన్‌లో ఎంతసేపు పట్టింది, ఏ తీగ ఎంత దగ్గరగా వచ్చింది, ఎవరి ఫోన్ ఎత్తలేదు. వచ్చే ఏడాది అర్జీకి మీరు మొదట తెరిచేది ఆ పేజీయే.